రాతి గోడల ఇంట్లో కంప్యూటర్‌కి వైఫై: ప్లాన్ మార్చే ముందు ఇది చదవండి

"100 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించాం, కంప్యూటర్‌లో 3 కూడా రావట్లేదు, ఏ ప్లాన్‌కి మారమంటారు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ఒక్కటే. ఆగండి, ముందు కొలవండి. ఇంటిదాకా వచ్చే స్పీడ్ వేరు, ఇంట్లో మీ కంప్యూటర్‌దాకా వచ్చే స్పీడ్ వేరు. మొదటిది కంపెనీ పని. రెండోది మన పని. ఆ రెండో పని ఎలా చేసుకోవాలో, మా బాబాయ్ వాళ్లింట్లో నేను చేసిన సెటప్‌తోనే చెప్తాను.

బాబాయ్ వాళ్లది గురజాల. ముందు రెండు గదులు తర్వాత వేసిన శ్లాబు. వెనక గది మాత్రం తాతయ్య కట్టించిన పాత రాతి కట్టడం, మధ్య గోడ అడుగున్నర మందం. రౌటర్ ముందు గదిలో టీవీ వెనక ఉంటుంది. చెల్లి డెస్క్‌టాప్ వెనక గదిలో ఉంటుంది. చెల్లి బీటెక్ ఫైనల్ ఇయర్. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ ఇంటి నుంచే రాస్తోంది. కెమెరా ఆన్‌లో ఉండాలి, మధ్యలో నెట్ పోతే మళ్లీ లాగిన్ అయ్యే ఛాన్స్ లేదు. మొదలుపెట్టిన 20 నిమిషాలకి నెట్ పోయింది. "వచ్చిన ప్రశ్నలన్నీ తెలిసినవే అన్నయ్యా" అని ఫోన్‌లో ఏడ్చింది. ఇంకో కంపెనీ టెస్ట్ ఆరు రోజుల్లో ఉంది.

బాబాయ్ అప్పటికే డబుల్ స్పీడ్ ప్లాన్‌కి మారదామని ఫోన్ తీశాడంట. "ఒక్కరోజు ఆగు బాబాయ్, నేనొస్తున్నా" అని చెప్పి నరసరావుపేటలో బస్సెక్కా.

మన ఇళ్ల సంగతి వేరు

పల్నాడులో ఫైబర్ కొత్తేం కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకి 149 రూపాయల నుంచి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామన్నారు. ఇప్పుడు బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ఉంది, ప్రైవేట్ కంపెనీలూ ఉన్నాయి. బాబాయ్ వాళ్ల కనెక్షన్ ఎవరిదో ఇక్కడ రాయట్లేదు. తప్పు వాళ్లది కాదని తర్వాత తేలింది కాబట్టి అవసరం లేదు.

పిడుగురాళ్ల దాటేటప్పుడు రోడ్డు పక్కన సున్నపు బట్టీలు కనిపిస్తాయి కదా. ఈ ప్రాంతమంతా సున్నపురాయే. కింద నాపరాయి, గోడకి రాయి. ఎండాకాలం ఆ గదిలో హాయిగా ఉంటుంది. కానీ యూట్యూబ్‌లో చూసే వైఫై వీడియోలు ఎక్కువగా అమెరికా ఇళ్లవి. అక్కడ లోపలి గోడలు చెక్క ఫ్రేమ్ మీద పల్చటి జిప్సం బోర్డులు. ఆ వీడియోల్లో "ఒక్క రౌటర్ ఇల్లంతా కవర్ చేస్తుంది" అంటే అది వాళ్లింటికి నిజం. మన రాతి గోడకి ఆ లెక్క పనికిరాదు.

ముందు మూడు కొలతలు

ఏదీ కదపకముందే ఈ మూడూ చేయండి. అన్నీ కలిపి పావుగంట పట్టదు.

ఒకటి: లాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. గురజాలలో 94 వచ్చింది. రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే అంతకంటే ఎక్కువ రాదు, కాబట్టి ఇది ఫుల్ స్పీడ్ కిందే లెక్క. అంటే లైన్‌లో తేడా లేదు.

రెండు: ఇప్పుడు మీ కంప్యూటర్‌లో వైఫై మీద అదే టెస్ట్ చేయండి. చెల్లి డెస్క్‌టాప్‌లో 2.8 వచ్చింది. 94 ఎక్కడ, 2.8 ఎక్కడ! 200 ప్లాన్ వేసినా ఆ గదిలో వచ్చేది ఆ 2.8 యే.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది పింగ్. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ కమాండ్ పక్కన మీ రౌటర్ అడ్రస్ ఇవ్వండి. ఎక్కువ ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. చివర్లో హైఫన్, టీ అక్షరం పెడితే ఆపేదాకా పంపుతూనే ఉంటుంది. ఒక వంద అయ్యాక కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపండి. ఎన్ని పోయాయో కింద చూపిస్తుంది.

ఇది ఇంటర్నెట్ టెస్ట్ కాదని గుర్తుంచుకోండి. మీ కంప్యూటర్‌కీ మీ రౌటర్‌కీ మధ్య ఉన్న దారి ఒక్కదాన్నే ఇది కొలుస్తుంది. రౌటర్‌కి పింగ్ బాగుండి 8.8.8.8 కి పోతుంటే కంప్లైంట్ కంపెనీకి పెట్టండి. రౌటర్‌కే పోతుంటే కంప్లైంట్ మన గోడకి. చెల్లి డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కి వందలో 14 పోయాయి. నా లాప్‌టాప్ నుంచి కేబుల్ మీద ఒక్కటీ పోలేదు. టెస్ట్ మధ్యలో నెట్ ఎందుకు పోయిందో అక్కడే అర్థమైంది.

గోడ ఎంత మింగుతోంది?

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేస్తే సిగ్నల్‌ని డీబీఎం లెక్కలో చూపిస్తుంది. ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. వీడియో కాల్ ఆగకుండా నడవాలంటే మైనస్ 67 చుట్టుపక్కల ఉండాలి. మైనస్ 80 అంటే పేరు కనిపిస్తుంది కానీ పని జరగదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఈ లెక్క మామూలు కూడికల్లాంటిది కాదు. 3 తగ్గితే సిగ్నల్ పవర్ సగం అయినట్టు. 10 తగ్గితే పదో వంతు. 30 తగ్గితే వెయ్యో వంతు. గోడకి ఇవతల నిలబడితే నా ఫోన్‌లో మైనస్ 48 ఉంది. గోడ దాటి అవతల నిలబడితే మైనస్ 79. నడిచింది నాలుగడుగులు, పోయింది 31. అంటే వెయ్యిలో ఒక వంతు కూడా దాటట్లేదు.

2.4 పెట్టాలా, 5 పెట్టాలా?

రౌటర్ రెండు బ్యాండ్లలో మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ని మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇళ్లలో వాడుకోవడానికి 2005లో ఓపెన్ చేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని 2018లో వదిలారు. 5 లో స్పీడ్ ఎక్కువ, రద్దీ తక్కువ. కానీ గోడ దాటే శక్తి తక్కువ. 2.4 నెమ్మది, అదీగాక పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే ఉంటాయి. కానీ గోడని కాస్త దాటుతుంది.

బాబాయ్ వాళ్లింట్లో రాతి గోడ వెనక 5 పేరు ఒకసారి కనిపించి మాయమైంది. కాబట్టి సూత్రం సింపుల్. రౌటర్, కంప్యూటర్ ఒకే గదిలో ఉంటే 5. మధ్యలో మందం గోడ ఉంటే 2.4. సెటప్ చేసేటప్పుడు రెండింటికీ వేరే వేరే పేర్లు పెట్టుకోండి, లేకపోతే కంప్యూటర్ దేనికి కలిసిందో తెలీక తికమకపడతారు.

పైసా ఖర్చు లేకుండా చేసినవి

మొదట రౌటర్ చోటు మార్చా. టీవీ వెనక, నేలకి దగ్గరగా, పక్కనే ఇనప బీరువా. రేడియో తరంగాలకి ఇనుము అడ్డుగోడే, బీరువా అద్దం వెనక ఉన్న లోహపు పూత కూడా అంతే. బాక్స్ వెనక ఫైబర్ చుట్టలు చుట్టి వదిలేసిన మిగులు ఉంది. దాంతో రౌటర్‌ని ఆరడుగులు జరిపి, వెనక గదికి వెళ్లే గుమ్మానికి ఎదురుగా, తలకంటే ఎత్తులో పెట్టా. రాయిని దాటలేని సిగ్నల్ గుమ్మంలోంచి వెళ్తుంది. మన ఇళ్లలో వైఫైకి దారి గోడ కాదు, తలుపు. ఒక జాగ్రత్త: ఫైబర్ లోపల ఉండేది గాజు. పదునుగా మడతపెట్టినా, మేకు కొట్టి బిగించినా పోతుంది. బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే లైన్‌మాన్ రావాల్సిందే.

రెండోది వైఫై డాంగిల్. డెస్క్‌టాప్‌లో వైఫై లేదు కాబట్టి చెల్లి వేలిగోరంత యూఎస్‌బీ డాంగిల్ వాడుతోంది. అది సీపీయూ వెనక పెట్టి ఉంది. ముందు ఇనప డబ్బా, వెనక రాతి గోడ. పాపం దానికి ఎటు చూసినా అడ్డే. పైగా అది పెట్టింది నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, పక్క పోర్టులో హార్డ్‌డిస్క్. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 బ్యాండ్‌లోనే రేడియో రొద వస్తుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఇంట్లోనే ఉంటే, డాంగిల్‌ని దానికి పెట్టి టేబుల్ మీద గుమ్మం కనిపించే చోట ఉంచా.

మూడోది ఛానల్. 2.4 లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11. యాప్‌లో చూస్తే పక్కిళ్లవి ఎక్కువగా 6 మీద ఉన్నాయి. మనది 11 కి మార్చా, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టా. 40 పెడితే స్పీడ్ డబుల్ అవుతుందని ఆశ పుడుతుంది, కానీ రద్దీలో గొడవలు కూడా డబుల్ అవుతాయి.

ఇప్పుడు మళ్లీ కొలిచా. ఫోన్‌లో మైనస్ 79 కాస్తా మైనస్ 66 అయింది. డెస్క్‌టాప్‌లో స్పీడ్ 2.8 నుంచి 27. పింగ్ వందలో 14 పోయేవి ఒకటికి తగ్గాయి. ఖర్చు సున్నా. "ఏందిరా, డబ్బా జరిపితేనే ఇంత తేడానా?" అని బాబాయ్ నమ్మలేదు.

డెస్క్‌టాప్‌కి ఏ అడాప్టర్ కొనాలి?

కొత్తగా కొనేవాళ్లకి మూడు మాటలు. వేలిగోరంత డాంగిల్‌లో యాంటెనా కూడా అంతే ఉంటుంది. గోడల ఇంటికి బయట యాంటెనా ఉన్నదే తీసుకోండి. డబ్బా మీద డ్యూయల్ బ్యాండ్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే 2.4 మాత్రమే వస్తుంది. ఇక పెద్ద అక్షరాల్లో వేసే 600, 1300 అంకెలు రెండు బ్యాండ్ల గరిష్ఠాన్ని కలిపి వేసినవి, మీకు అంత రాదు. మదర్‌బోర్డులో ఖాళీ స్లాట్ ఉంటే పీసీఐఈ కార్డు ఇంకా మంచిది. దాని యాంటెనాని వైరుతో టేబుల్ మీదకి తెచ్చుకునే మోడల్స్ ఉన్నాయి.

డ్రైవర్ దగ్గర కొంతమంది ఇరుక్కుంటారు. డ్రైవర్ లేనిదే నెట్ రాదు, నెట్ లేనిదే డ్రైవర్ దిగదు. ఫోన్‌ని డేటా కేబుల్‌తో సీపీయూకి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది. విండోస్ అప్‌డేట్‌లోనో, అడాప్టర్ కంపెనీ సైట్‌లోనో డ్రైవర్ దింపుకోండి. ఊరూపేరూ లేని సైట్ల నుంచి మాత్రం వద్దు.

రౌటర్ పేజీలో తప్పక మార్చాల్సినవి

బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే లాగిన్ అడుగుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్స్ కింద స్టిక్కర్ మీద ఉంటాయి. లోపలికి వెళ్లాక ఈ నాలుగూ చేయండి.

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్, ఇదీ వేరు. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 పెట్టండి, డబ్ల్యూపీఏ2, 3 కలిసిన మోడ్ ఉంటే ఇంకా మంచిది. పాత డబ్ల్యూఈపీ తాళం 2001లోనే విరిగిపోయింది, అది కనిపిస్తే ముట్టుకోకండి. వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబర్ పెట్టకండి, వీధిలో అందరికీ తెలిసేది అదే. మూడోది డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి. 8 అంకెల పిన్‌తో కలిపే ఆ పద్ధతిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది. నాలుగోది గెస్ట్ నెట్‌వర్క్. పక్కింటి పిల్లలు వచ్చి "అన్నా పాస్‌వర్డ్" అంటే లేదనలేం. గెస్ట్ పేరుతో వేరేది పెట్టి అదివ్వండి. పరీక్ష ఉన్న రోజు అదొక్కటి ఆపేస్తే చాలు.

పాత రౌటర్‌కి కొత్త పని

27 ఎంబీపీఎస్ వీడియో కాల్‌కి ఎక్కువే. కానీ వందలో ఆ ఒక్కటి పోవడం నాకు నచ్చలేదు. తలుపు మూస్తే మళ్లీ మూడు, నాలుగు పోతున్నాయి. పరీక్ష రాసేటప్పుడు తలుపు మూసే ఉండాలిగా! అందుకని సీసీ కెమెరాలు బిగించే షాపులో 20 మీటర్ల క్యాట్6 కేబుల్ తెచ్చాం. మా ఇంట్లో మూలన పడున్న పాత రౌటర్ నా బ్యాగులో ఉంది. ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్లదాకా వెళ్తుంది, ఇంటికి ఆ లెక్క చాలు. గుమ్మం పైనుంచి, గోడ లోపలి వైపునే క్లిప్పులు కొట్టి లాగాం. ఆరుబయట రాగి కేబుల్ లాగకండి, ఉరుముల కాలంలో మంచిది కాదు.

పాత రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కితే సరి. లేకపోతే ఇలా చేయండి. ముందు దాన్ని ఒక్కదాన్నే లాప్‌టాప్‌కి కలిపి, దాని అడ్రస్‌ని 192.168.1.2 చేయండి (మెయిన్ రౌటర్ 192.168.1.1 అయితే). తర్వాత డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి, ఇంట్లో అడ్రస్‌లు పంచేవాడు ఒక్కడే ఉండాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ మెయిన్ దానిలాగే పెట్టండి, ఛానల్ మాత్రం వేరేది పెట్టండి. చివరగా మెయిన్ నుంచి వచ్చిన కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి.

వెనక గదిలో ఇప్పుడు మైనస్ 41. డెస్క్‌టాప్, ఫోన్లు అన్నీ వైఫై మీదే, పింగ్ వందకి వంద.

కేబుల్ ఎలాగూ లాగారు కదా, నేరుగా కంప్యూటర్‌కే పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు. ఆ గదిలో డెస్క్‌టాప్ ఒక్కటే ఉంటే అదే బెస్ట్. కానీ పిన్ని ఫోన్, చెల్లి ఫోన్ కూడా ఆ గదిలోనే ఉంటాయి. వైర్ ఎక్కడిదాకా తీసుకెళ్లి ఆపాలో తెలిస్తే సగం వైఫై సెటప్ అయిపోయినట్టే.

కరెంటు, ఎండ

ఫైబర్‌లో వచ్చేది వెలుగు. ఊళ్లో కరెంటు పోయినా అవతల వాళ్లకి బ్యాకప్ ఉంటే లైన్ బతికే ఉంటుంది, ఆగేది మన బాక్స్. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే అది ఆగదు. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేదే తీసుకోండి. అయితే డెస్క్‌టాప్‌కి కూడా యూపీఎస్ లేకపోతే రౌటర్ ఒక్కటి వెలిగి లాభం లేదు. రెండో రౌటర్‌ని కూడా మర్చిపోకండి, అదీ కరెంటుదే.

ఇక ఎండ. రెంటచింతల పేరు వేసవిలో పేపర్లో ఎందుకు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఇళ్లలో వాడే రౌటర్లు ఎక్కువగా 40 డిగ్రీలదాకా తట్టుకునేలా తయారవుతాయి. రేకుల కింద, మూసిన టీవీ షెల్ఫ్‌లో పెడితే మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగి ఆగి వస్తుంది. గాలాడే చోట ఉంచండి, మీద గుడ్డ కప్పకండి.

టెస్ట్ రోజు

ఆ రోజు మాత్రం వెనక గది రౌటర్ నుంచి డెస్క్‌టాప్‌కి రెండు మీటర్ల చిన్న కేబుల్ పెట్టించా. తిరిగి రాయనివ్వని పరీక్షకి వైర్, మిగతా రోజులకి వైఫై. ఫోన్‌లో డేటా ఉంచుకుని, యూఎస్‌బీ కేబుల్ సీపీయూకి పెట్టే ఉంచుకోమన్నా. గెస్ట్ నెట్‌వర్క్ ఆపేశాం. పిన్ని టీవీ కట్టేసింది, అవసరం లేదన్నా వినలేదు.

గంటన్నర. నేను నరసరావుపేటలో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా. అయిపోగానే చెల్లి ఫోన్ చేసింది. నెట్ ఒక్కసారి కూడా పోలేదంట. "ఒక కోడింగ్ ప్రశ్న వదిలేశా అన్నయ్యా. ఈసారి నెట్ మీద నెట్టేయటానికి కూడా లేదు" అని నవ్వింది. రిజల్ట్ ఇంకా రాలేదు. వచ్చేది ఏదైనా అది చెల్లి రాసినదానికి వచ్చే మార్కే, గోడకి వచ్చే మార్కు కాదు.

ప్లాన్? అదే 100. బాబాయ్ మార్చలేదు.

మీ ఇంట్లో కూడా ఇదే వరుసలో వెళ్లండి. కేబుల్‌తో కొలవండి, వైఫైతో కొలవండి, రౌటర్‌కి పింగ్ చేయండి. తేడా ఇంట్లో ఉంటే రౌటర్ జరపండి, డాంగిల్ బయటికి లాగండి, ఛానల్ మార్చండి. అప్పటికీ చాలకపోతే కేబుల్, పాత రౌటర్. ఇవన్నీ అయ్యాక కూడా కేబుల్ మీదే స్పీడ్ తక్కువుంటే, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి. చేతిలో కొలతలు ఉంటాయి కాబట్టి ఈసారి మీ మాట వింటారు.